పశువైద్య శాసనములును మందకాపరులును

మన మహాసభ సంచికలలో వంశచరిత్రములను గూర్చియు, పూర్వరాజులతోడి సంబంధములను గూర్చియు పెద్దలు విస్తారముగా వ్రాసియున్నారు. మేమా త్రోవను బోవక, మన గొల్ల కురుమ కుటుంబముల జీవనమునకు ప్రతిదినమును తగులుచుండియు సభావేదికలపై అంతగా చర్చకు రాని యొక విషయమును దీసికొంటిమి. గొఱ్ఱెకు జబ్బుచేసినప్పుడు దానిని ముట్టి మందిచ్చు అధికార మెవ్వరిది? సూది పట్టువా డెవ్వడు? వానికి ఆ హక్కు నిచ్చినది ఏ శాసనము? నూటయేబది సంవత్సరములకు మించిన చట్టముల చరిత్రములో ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటయే మా యుద్యమము.

ఇది మనకు స్వల్పవిషయము గాదు. 2019వ సంవత్సరమున జరిగిన ఇరువదవ పశుగణనమును బట్టి తెలంగాణమున 1 కోటి 91 లక్షల గొఱ్ఱెలును, ఆంధ్రప్రదేశమున 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలును ఉండెను. అప్పుడు దేశమంతట నున్నవి 7 కోట్ల 43 లక్షలు. అనగా భారతదేశపు గొఱ్ఱెలలో ఇంచుమించు సగము తెలుగునేలపైననే మేసినవి. నెల్లూరు జాతి తెల్లగొఱ్ఱె మొదలు, గొంగళికి ఉన్ని నిచ్చు దక్కని నల్లగొఱ్ఱె వఱకు, వీనిని వెంబడించి నడచువారిలో మనవారెందఱో పాఠకులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు.

రాజ్యము పశువైద్యమును గూర్చి తెలుగుదేశమున పలికిన మాటలలో మిక్కిలి ప్రాచీనమైనది కర్నూలు సీమలో రాతిమీద నున్నది. జొన్నగిరి చెంతనున్న ఎఱ్ఱగుడి గుట్టపై, క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమునాటి అశోకుని శిలాశాసనములు చెక్కబడియున్నవి. పండితలోకమునకు ఇవి 1929 ప్రాంతమున తెలియవచ్చినవి. వానిలో రెండవది, మనుష్యులకును పశువులకును చికిత్స యేర్పాటు చేయబడినదనియు, మూలికలు లేనిచోట్లకు వానిని తెప్పించి నాటించిరనియు చెప్పుచున్నది. చికిత్స చేయువా డెవ్వడో మాత్ర మది చెప్పదు. ఆ గుట్టచుట్టునున్న బీళ్లలో నేటికిని మందలు మేయుచుండును. రెండువేల రెండువందల యేండ్లుగా ఆ వాక్యముక్రింద గొఱ్ఱెలు నడచుచున్నను, మనము తలచిన ప్రశ్నకు రాయి బదులీయలేదు.

సంస్కృత వాఙ్మయమున అశ్వములకు శాలిహోత్రుని పేరిటను, గజములకు పాలకాప్యుని పేరిటను వైద్యగ్రంథములు ప్రసిద్ధములు. ఇవి రాజుల యుద్ధసాధనములు గనుక వానికి శాస్త్రము పుట్టినది. గొఱ్ఱెకు అట్టి ప్రఖ్యాతి లభింపలేదు. దాని వైద్యము కాపరుల నోటను, చేతను నిలిచినది. ఆంగ్లేయుల సేనలలో గుఱ్ఱములకు మందిచ్చు దేశీయుని 'సాలోత్రి' యని పిలిచెడివారు. శాలిహోత్ర శబ్దమే వాడుకలో అట్లు మాఱినది. పట్టభద్రుడైన వైద్యునికిని, పశువుల కాపరికిని నడుమ నిలిచిన ఈ సాలోత్రియే, నేడు మనము పశువైద్య సహాయకుడని పిలుచువానికి పూర్వీకుడని మా యభిప్రాయము.

మనవారికిని రాజ్యశాసనమునకును తొలి సంఘర్షణము వైద్యమునందు గాక మేతయందు గలిగినది. కాటమరాజునకును నెల్లూరి సిద్ధిరాజునకును పుల్లరి విషయమై పుట్టిన వైరమును మన కథకులు రాత్రులకొలది పాడుదురు గనుక దాని నిచ్చట విస్తరింపము. ఆ కథలో రాజు పశువును పన్నుకట్టు వస్తువుగా జూచెనే గాని, జబ్బుచేయు ప్రాణిగా జూడలేదు. పశురోగము రాజ్యమునకు పట్టవలసిన విషయమను భావము మన దేశమున చట్టరూపము దాల్చుట పందొమ్మిదవ శతాబ్దమున జరిగినది.

దానికి కారణము ముసరరోగము. 1865వ సంవత్సరమున అది ఇంగ్లండులో ప్రవేశించి లక్షలకొలది పశువులను గొనిపోయెను. 1866 ఫిబ్రవరిలో అచ్చటి పార్లమెంటు పశురోగ నిరోధమునకై చట్టము చేసినది. ఆ 1866లోనే మద్రాసు రాజధానియందును రెండవ చట్టముగా పశురోగముల చట్టము వెలువడెను. ఇది కోస్తా జిల్లాలకును, దత్తమండలములకును చెందిన సంగతి. నైజాము రాజ్యమునందలి తెలంగాణమున కిది వర్తింపలేదు. ఈ చట్టపు ప్రయోజనము రోగవ్యాప్తిని నిరోధించుటయే గాని, రోగమును గుదుర్చుట గాదు. అప్పటికి ముసరకు మందు గాని టీకా గాని లేకుండుటచే దాని నాక్షేపింప వీలులేదు. అయినను అప్పుడు పడిన అచ్చు తరువాతి చట్టములలో చాలకాలము నిలిచినది: రాజ్యమునకు పశువు గలవాడు ఆజ్ఞకు లోబడవలసినవాడు.

తరువాత 1871లో హాలెన్ అధ్యక్షతను పశుమారి విచారణసంఘము తన నివేదిక నిచ్చెను. 1889లో పూనాయందు సూక్ష్మజీవి పరిశోధనశాల వెలసి, 1893లో హిమాలయములందలి ముక్తేశ్వరమునకు మార్చబడెను. లాహోరున 1882లోను, బొంబాయిన 1886లోను పశువైద్య విద్యాలయములు గలిగినవి. మన దక్షిణమునకు 1903లో మద్రాసునందలి సైదాపేటలో పశువైద్య కళాశాల వచ్చినది. 1936లో అది మద్రాసు విశ్వకళాపరిషత్తునకు అనుబంధమై పట్టపరీక్షకు సిద్ధము చేయసాగెను. హైదరాబాదున 1946లోను, తిరుపతిలో 1955లోను కళాశాలలు వెలసినవి. ఈ తేదీల పట్టికను పొడిగించుటకు మాకు కోరిక లేదు. ఒక్కటి గమనింపవలయును. విద్యాలయములు పైనుండి క్రిందికి కట్టబడినవి. మొదట సేన గుఱ్ఱము, పిమ్మట దుక్కిటెద్దు, పిమ్మట పాడియావు. గొఱ్ఱె వంతు వచ్చుటకు చాలకాలము పట్టినది. 1899లో చేయబడిన గ్లాండర్సు చట్టమును, 1910లో చేయబడిన డౌరీను చట్టమును గుఱ్ఱపుజాతి రోగములకే ఉద్దేశింపబడినవనిన, రాజ్యపు దృష్టి ఎచ్చట నుండెనో తేటపడును.

1940వ సంవత్సరపు మద్రాసు పశుసంపద అభివృద్ధి చట్టము అనుమతి పత్రము లేని ఆబోతులకు విత్తుకొట్టించు అధికారము ప్రభుత్వమున కొసగినది. అంతకు పూర్వము విత్తుకొట్టుట ఊరిలో చేతివాటము గలవాని పని. రాళ్లనడుమను, కఱ్ఱలనడుమను నలిపెడి ఆ పద్ధతి పశువునకు దుర్భరమైన బాధ. ఇటలీదేశపు బర్డిజో పట్టకారు వచ్చి, గాయము లేకుండ ఆ పని చేయసాగెను. పాతపద్ధతి పోయినందుకు మేము విచారింపము. వాతలువేయుట మొదలగు ఆచారములనుగూడ పూర్వుల జ్ఞానమను పేర సమర్థించువారితో మేము ఏకీభవింపము. కాని పట్టకారు పట్టుకొని ఊరూర తిరిగినవా డెవ్వడని యడిగిన, పట్టభద్రుడైన వైద్యుడు గాదు, అతని చేతిక్రింది సహాయకుడే. చట్టము వ్రాసినవారు వేఱు, వైద్యుడు వేఱు, చేసినవాడు వేఱు.

ఈ మూడవవాని ఘనత ముసరరోగ నిర్మూలనమున కన్నులకు గట్టినట్లు కనబడును. ముక్తేశ్వరమున ఎడ్వర్డ్సు దొర 1920లలో ముసర విషమును మేకలలో పలుమాఱులు పెంచి బలహీనపఱచి టీకాగా నుపయోగింపవచ్చునని కనుగొనెను. 1954లో జాతీయ ముసరరోగ నిర్మూలన పథకము ప్రారంభమయ్యెను. అప్పటినుండి దేశమందలి పల్లెలన్నిటను, సంతలయందును, తీర్థములయందును, రాష్ట్రముల సరిహద్దు బాటలయందును పశువును బట్టి టీకా వేసినవారు ముఖ్యముగ స్టాక్‌మన్ అనియు, టీకాదారుడనియు, కాంపౌండరనియు పిలువబడిన చిన్న యుద్యోగులు. మంచుపెట్టెను సైకిలుకు గట్టుకొని ఎండకు ముందే పల్లె చేరవలయును. పశువులు మేతకు బోకముందే మందను నిలిపించవలయును. టీకా వేసిన పశువు కట్టె విడిచినదని నిందించు రైతును ఓదార్చవలయును. 1995లో భారతదేశమున కడపటి ముసర కనబడినది. 2006లో మన దేశము ఆ రోగమునుండి విముక్తమైనదని అంతర్జాతీయ పశ్వారోగ్య సంస్థ అంగీకరించినది. 2011లో ప్రపంచమంతయు విముక్తమైనట్లు ప్రకటింపబడెను. మనుష్యజాతి పూర్ణముగ రూపుమాపిన రోగములు రెండే రెండు. మశూచి యొకటి, ముసర రెండవది. వీనిలో రెండవదానిని రూపుమాపిన చేతులకు చరిత్రపుస్తకములలో పేరు లేదు.

ఇచ్చట గొఱ్ఱెలవారికి సంబంధించిన యొక యుపకథ కలదు. గొఱ్ఱెలకును మేకలకును ముసరవంటి జబ్బు వచ్చుట దక్షిణదేశమున కొత్త గాదు. 1987లో తమిళనాటి యొక గ్రామమున గొఱ్ఱెలకు వచ్చిన యట్టి జబ్బును పరీక్షింపగా, అది ముసర గాక దాని జ్ఞాతియగు పీ.పీ.ఆర్. అని తేలినది. మనవారు దానిని పారుడురోగ మందురు. ముక్కు, కన్ను కాఱుట, నోరు పూయుట, ఆవల విరేచనములు; వారము తిరుగకముందే మంద పలుచబడును. ఇప్పుడు దానికి మన దేశమున తయారగు టీకా గలదు. ఒక్కసారి సరిగా వేసినచో మూడేండ్లకు తక్కువ గాక కాపాడును. 'సరిగా' అను మాటయే కీలకము. అది ప్రాణమున్న టీకా. వేడి తగిలిన చచ్చును. నీటిలో కలిపినపిమ్మట కొద్ది గంటలలో వాడవలయును. చచ్చిన టీకాను వేయించుకొన్న మందకు వేయించుకొనని మందకంటె ప్రమాద మెక్కువ, ఏలయన కాపరి నిశ్చింతగ నుండును.

ఇక మన ప్రశ్నకు సమాధానము మొదటిసారి చట్టములో స్పష్టముగ వ్రాయబడిన చోటునకు వత్తము. రాజ్యాంగము ఏడవ అనుబంధమున, రాష్ట్రజాబితాలోని పదునైదవ పద్దున, పశువుల సంరక్షణ, రోగనివారణములతో పాటు పశువైద్య శిక్షణమును, పశువైద్య వృత్తియు రాష్ట్రముల కప్పగింపబడినవి. కావున పార్లమెంటు ఈ విషయమున నేరుగ చట్టము చేయజాలదు. రాష్ట్రములు తీర్మానించి కోరవలయును. అట్లు కొన్ని రాష్ట్రముల శాసనసభలు కోరగా 1984వ సంవత్సరపు 52వ చట్టముగా భారత పశువైద్య మండలి చట్టము వచ్చినది; తక్కిన రాష్ట్రములు తమ తీర్మానములచే దానిని స్వీకరింపవచ్చును. ఈ చట్టముచేత పశువైద్యులకు పట్టిక యేర్పడినది. పట్టికలో పేరు లేనివాడు పశువైద్యుడుగ ప్రభుత్వపదవి వహింపరాదు, పశువైద్యవృత్తి చేయరాదు, చట్టము కోరు ఆరోగ్యధ్రువపత్రములపై సంతకము పెట్టరాదు, న్యాయస్థానమున పశువైద్య నిపుణుడుగ సాక్ష్యము చెప్పరాదు. ఇదంతయు ముప్పదవ విభాగమున నున్నది.

ఆ విభాగమునకే ఒక మినహాయింపు తోక తగిలింపబడినది. మన సంఘమువారు కంఠస్థము చేయదగినది ఆ తోకయే. దాని భావ మిది: పశుసంవర్ధక శాఖ గాని, దేశమందలి పశువైద్యసంస్థ గాని యిచ్చిన వెటరినరీ సూపర్వైజరు, స్టాక్‌మన్, స్టాక్ అసిస్టెంటు అను డిప్లొమా లేక ధ్రువపత్రము గలవానిని, పట్టికలోనున్న పశువైద్యుని పర్యవేక్షణమునను, నిర్దేశమునను 'చిన్నపాటి పశువైద్య సేవలు' చేయుటకు రాష్ట్రప్రభుత్వము ఉత్తరువుచే అనుమతింపవచ్చును. చిన్నపాటి సేవలనగా నేమి? టీకాలు వేయుట, విత్తుకొట్టుట, గాయములకు కట్టుకట్టుట వంటి ప్రథమచికిత్సయు, ఇంకను రాష్ట్రప్రభుత్వము గెజెట్టులో పేర్కొను ఇతర ప్రథమచికిత్సలును, అట్లు పేర్కొనబడిన జబ్బులకు మందిచ్చుటయు.

ఈ వాక్యమును మాటమాటగా జూడుడు. 'అనుమతింపవచ్చును' అన్నది గాని, అనుమతింపవలయునని యనలేదు. డిప్లొమా పొందినంతమాత్రమున హక్కు రాదు, ఉత్తరువు వలయును. ఉత్తరువున్నను వైద్యుని పర్యవేక్షణము వలయును. వైద్యుడు పదిమైళ్ల దూరమున నుండి టెలిఫోనులో చెప్పిన పర్యవేక్షణమగునా? చట్టము చెప్పలేదు. జాబితాను పెంచుటకు రాష్ట్రమునకు అధికారమున్నది. కాబట్టి ఒక రాష్ట్రమున సహాయకుడు చేయదగిన పని, పొరుగు రాష్ట్రమున నేరము గావచ్చును. సరిహద్దు దాటి వలసపోవు మందల వెంబడి నడచువారికి ఇది యూహామాత్రము గాదు. పాలమూరు మంద కృష్ణదాటి పోవునప్పుడు గొఱ్ఱె మాఱదు, రోగము మాఱదు, ఉత్తరువు మాఱును.

అన్నిటికంటె మాకు వింతగ దోచినది 'చిన్నపాటి' అను విశేషణము. పట్టణమున కుక్కకు శస్త్రచికిత్స చేయు వైద్యుని బల్లయొద్ద నిలిచి చూచిన, టీకా వేయుట నిజముగ చిన్నపని. నూఱు గొఱ్ఱెల మందయొద్ద నిలిచి చూచిన అట్లు గాదు. చిటుకురోగము సంగతి పరికింపుడు. తొలకరి వానలకు లేత పచ్చిక మొలిచి, గొఱ్ఱె కడుపునిండ మేసి పుష్టిగ నున్న దినములలోనే అది తగులును. మందలో మంచి గొఱ్ఱెనే ముందు గొనిపోవును. సాయంకాలము బాగుగ నున్నది తెల్లవాఱునప్పటికి చచ్చిపడియుండును. ఆ రాత్రి తిరుపతి కళాశాల ఆచార్యుడే వచ్చి దొడ్డిలో కూర్చున్నను చేయగలిగిన దల్పము. వానకు ముందు వేసిన టీకా యొక్కటే దానికి ప్రతీకారము. బొబ్బరోగ మట్లే, పారుడురోగ మట్లే. తోడేలు కఱచిన గొఱ్ఱె పుండులో పురుగులు పడి చచ్చునే గాని, కాటువలన చచ్చుట తక్కువ. కాలమున కడిగి కట్టిన కట్టే దానిని బ్రదికించును. గొఱ్ఱెలమందకు పెద్దవైద్యమనగా చట్టము చిన్నదన్న ఈ వైద్యమే. శాసనకర్తలు పనిని కొలిచినది చేయువాని చదువుతోనే గాని, చేయకపోయిన గలుగు నష్టముతో గాదు.

ఇట్లనుటచే పశువైద్యుల పట్టికను మేము నిరసించుచున్నామని తలపవలదు. పట్టిక లేనిచో నేమగునో మన యూళ్లలో జూచుచునే యున్నాము. ఒక మందుల దుకాణమున కొన్నాళ్లు పనిచేసి, సంచి భుజమున వేసికొని తిరుగువాడు, ఒకే సూదితో మందనంతయు గ్రుచ్చును. మొదటి గొఱ్ఱె రోగము కడపటి గొఱ్ఱెకు చేరును. వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని ముద్రవేయబడిన మందులు వాని సంచిలో నుండును. నొప్పికి వేయు డైక్లోఫినాకు అను మందు సంగతి జగత్ప్రసిద్ధము. ఆ మందు వేయబడి చచ్చిన పశువుల కళేబరములను దిన్న రాబందులు మూత్రపిండములు చెడి గుంపులుగుంపులుగ నశించినవి. పశువులకై దాని తయారీని 2006లో ప్రభుత్వము నిషేధించినది. పిమ్మట మనుష్యులకై చేసిన పెద్దసీసాలు పశువులకు మఱలుచుండుటచే 2015లో మూడు మిల్లీలీటర్లకు మించని సీసాలనే అనుమతించినది. చట్టమునకు పట్టుపడని చేతిలో సూదియున్న, దాని ఫలము ఆకాశమున నెగురు పక్షికిని తగులును. తన మందకు తాను పసరు పోసికొను కాపరి 'వృత్తి' చేయుచున్నాడని మే మనుకొనము; రుసుము గొని ఊరూర తిరుగువాడు చేయుచున్నాడు. మొదటివానిని బెదరింపగూడదు, రెండవవానిని విడువగూడదు.

సహాయకునికిని రక్షణ వలయును. 2019 సెప్టెంబరులో మథురలో ప్రారంభమైన జాతీయ పశురోగ నియంత్రణ కార్యక్రమమున గాలికుంటుతోడను, ఈసుకుపోవు రోగమగు బ్రూసెల్లాతోడను పోరాటము సాగింపబడెను. బ్రూసెల్లాకు నాలుగునుండి ఎనిమిది మాసముల ఆడుదూడలకే టీకా. అదియు ప్రాణమున్న టీకా. పట్టినదూడ తన్నుకొనగా సూది వేలిలో దిగెనా, వేసినవానికే ఆ జ్వరము రావచ్చును. ఈ 'చిన్నపాటి సేవ' చేయువాని ప్రాణమునకును ఇంత యపాయము గలదు.

వైద్యుల సంఖ్యను గూర్చి 1976లో జాతీయ వ్యవసాయ సంఘము, 5,000 పశుప్రమాణములకు ఒక వైద్యుడుండవలయునని సిఫారసు చేసినది. ఈ లెక్క ప్రకారము వైద్యులు పల్లెపల్లెకు ఉండుట ఎన్నడును సాధ్యము గాదు. నడుమనొక చేయి తప్పదు. ఆ చేతికి రాష్ట్రము లెన్నో పేర్లు పెట్టినవి. 2000 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున గోపాలమిత్రలు వచ్చిరి. పల్లె యువకులకు కృత్రిమ గర్భధారణమున శిక్షణమిచ్చి, చేసిన పనిని బట్టి ప్రతిఫలమిచ్చెడి పద్ధతి. వారి ముఖ్యమైన ఆ పని 1984 చట్టపు వివరణలో పేరుపెట్టి చెప్పబడలేదని పాఠకులు గమనింతురు గాక. కొన్ని రాష్ట్రములు పశువైద్య సహాయకులకే ప్రత్యేకమండలి నేర్పఱచు చట్టములు చేసికొన్నవి. హిమాచల ప్రదేశపు 2010 చట్టము వానిలో నొకటి. పట్టిక గలిగిన వైద్యుడు తప్పుచేసిన, పేరు కొట్టివేయు నధికారము మండలికి గలదు. పట్టికయే లేని సహాయకుడు తప్పుచేసిన అడుగువాడు లేడు. తప్పు చేయకయే నింద మోసిన కాపాడువాడును లేడు. కావున పట్టిక వలయునని కోరుట, బిరుదు కోరుట గాదు. మన యువకులు కొందఱు డిప్లొమా పొందినంతనే 'డాక్టరు' అని ద్వారమున బల్ల వ్రేలాడదీయుటను మేము హర్షింపము.

తెలంగాణ ప్రభుత్వము 2017 జూనులో గొఱ్ఱెల పంపిణీ పథకమును ప్రారంభించినప్పుడు, సహకార సంఘములలో చేరిన మనవారికి నూటికి డెబ్బదియైదు వంతుల రాయితీతో ఇరువది గొఱ్ఱెలను, ఒక పొట్టేలును ఇచ్చు నేర్పాటు జరిగెను. దూరదేశపు సంతలనుండి లారీలలో వచ్చిన గొఱ్ఱెలకు బడలికయు, కొత్తమేతయు, కొత్తమందతోడి కలయికయు రోగమునకు మూడు ద్వారములు. వానిని దించినచోటనే టీకాయు, కొన్నిదినముల ప్రత్యేకవాసమును అవసరమైనవి. ఆంధ్రప్రదేశమున 2019లో గ్రామ సచివాలయములతోపాటు పశుసంవర్ధక సహాయకుల పదవులు వేలసంఖ్యలో కల్పింపబడినవి. పదవతరగతి చదివి, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయపు పాలిటెక్నికులలో రెండేండ్ల డిప్లొమా పొందిన బాలురకును బాలికలకును అది గొప్ప ద్వారమైనది. మందలో పెరిగిన బిడ్డ ఈ చదువు చదివిన, వానికి పుస్తకము చెప్పని దొకటి ముందే తెలిసియుండును: మందలో తల వాల్చి వెనుకబడిన గొఱ్ఱెను నూటిలో నుండి ఏఱుట. మన సంఘపు విద్యార్థినిధులు ఇంజనీరింగు విద్యకే గాక ఈ రెండేండ్ల చదువునకును వినియోగింపవలయునని కార్యవర్గమునకు మా మనవి.

కడపట 2009వ సంవత్సరపు 27వ చట్టము. పశువుల అంటురోగముల నివారణ, నియంత్రణముల కైనది. గుఱ్ఱముల రోగములకైన 1899, 1910 నాటి పాత చట్టములు దీనిచే రద్దయినవి. రోగముల అనుబంధమున గొఱ్ఱెలకు సంబంధించిన బొబ్బరోగము, పారుడురోగము, నీలినాలుక, దొమ్మ మొదలగునవి చేరినవి. ప్రభుత్వ మొక ప్రదేశమును నియంత్రిత ప్రదేశముగ ప్రకటించిన, ఆ రోగము తగులు జాతి పశువులను అటునిటు కదల్పరాదు. వలసమంద నడిబాటలో నిలిచిపోవలసినదే. అట్టి సమయమున టీకా వేసినట్లు ధ్రువపత్రము కాపరి మూటలో నుండుట అన్నముమూట యుండుటవంటిది.

ఈ చట్టపు నాలుగవ విభాగము మనవారు గమనింపదగినది. పశువు గలవాడు రోగమును శంకించిన గ్రామాధికారికి గాని, పంచాయతీ బాధ్యునికి గాని తెలుపవలయును. ఆ తెలుపబడినవాడు సమీపమునందలి పశువైద్యునికి వ్రాతమూలకముగ నివేదింపవచ్చును. కాపరి చూపునకు ఈ చట్టమున స్థానము గలదు. విధిరూపమున నైనను గలదు. మనవారు సాధారణముగ నోటిమాటతో చెప్పి వత్తురు. మందలో రెండు గొఱ్ఱెలు ఒకే లక్షణములతో పడినదినముననే, తేదీవేసి, లక్షణములు నాలుగు పంక్తులలో వ్రాసి, పంచాయతీలో ఒక ప్రతి యిచ్చి, ముద్రవేయించిన రెండవప్రతిని తమయొద్ద నుంచుకొనవలయును. వ్రాతరాని పెద్దలకు, బడికి బోవు మనుమడు వ్రాసిపెట్టును. గొఱ్ఱెల పెంపకందార్ల సహకార సంఘమున నొక పుస్తకము పెట్టి ఆ ప్రతులను అంటించిన, ఏ మాసమున ఏ రోగము ఏ దిక్కునుండి వచ్చినదో రెండు మూడేండ్లలో ఆ యూరికే తెలియును. వానకు ముందు ఏ టీకా ఎన్ని మోతాదులు కావలయునో పశువైద్యశాలకు ముందుగ వ్రాయుటకును ఆ పుస్తకమే ఆధారమగును.